బీజదాతల ఆరోగ్య చరిత్ర: చట్టాలూ, పుట్టిన బిడ్డ హక్కూ

వైద్యుడు రోగిని అడిగే తొలి ప్రశ్నలలో ఒకటి, "ఈ జబ్బు మీ వాళ్లలో ఇంకెవరికైనా ఉందా?" అన్నది. నాయనమ్మకు మధుమేహం ఉండేదనీ, పెదనాన్న నలభై ఏళ్లకే గుండెపోటుతో పోయాడనీ, మేనత్తకు రొమ్ము క్యాన్సరు వచ్చిందనీ రోగి చెప్పే నాలుగు ముక్కలు ఒక్కొక్కప్పుడు నాలుగు పరీక్షలకంటె ఎక్కువగా పనికివస్తాయి. ఇంట్లో పెద్దలున్నంత కాలం ఈ సమాచారం ఎవరూ అడగకుండానే ఒక తరం నుండి మరొక తరానికి అందుతూ ఉంటుంది. దాని విలువ అది లేనివారికే బాగా తెలుస్తుంది.

ముఖం తెలియని పురుషుని వీర్యంతోనో, పేరు తెలియని స్త్రీ అండంతోనో జన్మించినవారు వైద్యుని ప్రశ్నకు సగం జవాబు మాత్రమే చెప్పగలరు. మిగిలిన సగం ఒక వీర్య బ్యాంకు దస్త్రంలో ఉంటుంది. లేదా ఎక్కడా ఉండదు. ఆ దస్త్రంలో ఏమి రాయాలి? రాసినది నిజమో కాదో ఎవరు చూడాలి? దాత ఆరోగ్యంలో తరువాత వచ్చిన మార్పు బిడ్డకు ఎట్లా తెలియాలి? ఈ ప్రశ్నలపై వివిధ దేశాలు గత 40 ఏళ్లుగా చట్టాలు చేస్తూ వచ్చాయి. ఆ చట్టాలు ఎంతవరకు వచ్చాయో, ఎక్కడ ఆగిపోయాయో, ఈ విషయమై ఇస్లామీయ దృష్టి ఏమి చెబుతున్నదో ఇక్కడ పరిశీలిద్దాం.

రెండు వేర్వేరు ప్రశ్నలు

ముందుగా ఒక విషయం స్పష్టం కావాలి. ఈ సమస్యలో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ఇట్టి దానం ధర్మసమ్మతమా అన్నది మొదటిది. ఇట్టి దానం వలన ఇప్పటికే పుట్టిన మనిషికి దక్కవలసినది ఏమిటి అన్నది రెండవది.

మొదటి ప్రశ్నకు ముస్లిం ధర్మవేత్తలలో అత్యధికులు ఇచ్చిన సమాధానం తెలిసినదే. 1978లో ఇంగ్లండులో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు జన్మించింది. 1980లో ఈజిప్టులోని అల్ అజ్‌హర్‌కు చెందిన షేక్ జాదుల్ హఖ్ ఈ విషయమై ఫత్వా వెలువరించారు. 1986 అక్టోబరులో అమ్మాన్ నగరంలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్‌హ్ అకాడమీ, కృత్రిమ గర్భధారణలో అప్పటికి వాడుకలో ఉన్న ఏడు పద్ధతులను పరిశీలించింది. భార్యాభర్తల బీజకణాలతో, వారి వివాహబంధం నిలిచి ఉండగా, భార్య గర్భంలోనే జరిగే రెండు పద్ధతులను అవసరం ఏర్పడినప్పుడు తగిన జాగ్రత్తలతో అనుమతించింది. మూడవ వ్యక్తి వీర్యం గాని, అండం గాని, గర్భాశయం గాని ప్రవేశించే మిగిలిన అయిదు పద్ధతులను నిషిద్ధమని తీర్మానించింది. వంశం (నసబ్) కలగాపులగం కావడం, తల్లి ఎవరు తండ్రి ఎవరు అన్నది అనుమానాస్పదం కావడం అందుకు ప్రధాన కారణాలు. షీయా ధర్మవేత్తలలో కొందరు దీనిని భిన్నంగా చూశారు. ఇరాన్ పార్లమెంటు 2003లో సంతానం లేని దంపతులకు పిండదానం చేసే విషయమై ఒక చట్టం ఆమోదించింది.

అయితే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పినంత మాత్రాన రెండవ ప్రశ్న తీరిపోదు. ఒకరి పాపభారం మరొకరు మోయరన్నది దివ్యఖుర్ఆన్‌లో పలుచోట్ల చెప్పబడిన సూత్రం. తన పుట్టుకను తాను ఎంచుకోని బిడ్డ మీద ఆ పుట్టుక తాలూకు తప్పు మోపడానికి వీలులేదు. ఆ బిడ్డ ప్రాణానికీ ఆరోగ్యానికీ ఉన్న విలువ మరే బిడ్డ ప్రాణానికంటె తక్కువది కాదు. పద్ధతి తప్పని చెప్పేవారు సైతం పుట్టిన బిడ్డకు న్యాయం కోరవలసే ఉంటుంది. ఇక చర్చ అంతా ఈ రెండవ ప్రశ్నను గూర్చినదే.

అంటువ్యాధి ఒకటి, వంశవ్యాధి మరొకటి

దాత నుండి బిడ్డకు గాని తల్లికి గాని రెండు రకాల జబ్బులు రావచ్చు. ఎయిడ్స్, కామెర్లు కలిగించే హెపటైటిస్ బి, సి, సవాయి వంటి అంటువ్యాధులు మొదటి రకం. రక్తాన్ని పరీక్షించి వీటిని పట్టుకోవచ్చు. జన్యువుల ద్వారా సంక్రమించే వంశపారంపర్య వ్యాధులు రెండవ రకం. వీటిలో కొన్నింటికి పరీక్షలున్నాయి. అనేకమైనవి మాత్రం దాత కుటుంబ చరిత్ర అడిగి తెలుసుకుంటే తప్ప బయటపడవు.

అమెరికాలో ఆహార, ఔషధ పాలనా సంస్థ రూపొందించిన దాతల అర్హతా నియమాలు 2005 మే 25 నుండి అమలులోకి వచ్చాయి. ఆ నియమాల ప్రకారం దాతను ప్రశ్నించి, శరీర పరీక్ష చేసి, నిర్ణీత అంటువ్యాధులకు రక్తపరీక్షలు జరపాలి. పేరు తెలియని దాత వీర్యాన్ని కనీసం ఆరు నెలలు గడ్డకట్టించి నిల్వ ఉంచి, దాతను మళ్లీ పరీక్షించిన తరువాతనే వాడాలి. అంటువ్యాధుల విషయంలో ఇవి గట్టి నియమాలే. కాని వంశవ్యాధులకు జన్యుపరీక్ష జరపాలని ఆ నియమాలు నిర్బంధించవు. ఆ దేశంలోని ప్రత్యుత్పత్తి వైద్యుల సంఘం కుటుంబ చరిత్ర సేకరించాలనీ, కొన్ని జన్యుపరీక్షలు జరపాలనీ సిఫార్సు చేసింది. అనేక బ్యాంకులు ఆ ప్రకారం చేస్తున్నాయి కూడా. అయినా సిఫార్సు వేరు, చట్టం వేరు. సిఫార్సును పాటించని బ్యాంకును శిక్షించే అధికారం ఎవరికీ లేదు.

ఈ లోటు వలన మూడు చిక్కులు ఏర్పడ్డాయి. దాత చెప్పినది నిజమేనా అన్నది ఒకటి. దాత చెప్పిన తరువాత ఏమి జరిగిందన్నది రెండవది. తెలిసిన సంగతి చేరవలసిన చోటికి చేరుతుందా అన్నది మూడవది. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని చట్టం ఎంత పెద్దదైనా బిడ్డకు ఉపయోగపడదు.

మొదటి చిక్కు: దాత చెప్పినదే వేదమా?

వీర్య బ్యాంకుకు వచ్చే దాత ఒక ఫారం నింపుతాడు. తల్లిదండ్రులు, తాతలు, తోబుట్టువుల జబ్బులు, తన చదువు, తన అలవాట్లు అన్నీ అందులో రాస్తాడు. ఆసుపత్రి రికార్డులు తెప్పించి సరిచూడాలన్న నిర్బంధం లేనిచోట ఆ ఫారం దాత నిజాయితీ మీదనే ఆధారపడి ఉంటుంది. దానానికి డబ్బు ముడిపడినచోట నిజాయితీకి పరీక్ష మరింత కఠినమవుతుంది.

అమెరికాలోని జార్జియా రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో ఇట్టి వివాదం ఒకదానిపై తీర్పు చెప్పింది. ఒక దాత తనకు గల తీవ్రమైన మానసిక వ్యాధినీ నేరచరిత్రనూ దాచి, తాను గొప్ప విద్యావంతుడనని చెప్పుకున్నాడనీ, బ్యాంకు ఆ మాటలను సరిచూడకుండానే అతని వీర్యాన్ని అమ్మిందనీ తల్లిదండ్రుల ఆరోపణ. న్యాయస్థానం ముందు ఒక సున్నితమైన ప్రశ్న నిలిచింది. నిజం తెలిసి ఉంటే ఆ దాతను ఎన్నుకొని ఉండేవారు కారు. అప్పుడు ఈ బిడ్డే పుట్టి ఉండడు. మరి పుట్టడమే నష్టమని చెప్పి పరిహారం అడగవచ్చునా? ఒక మనిషి జీవితాన్ని నష్టంగా లెక్కగట్టడానికి కోర్టు ఒప్పుకోలేదు. కాని దానితో ముడిపడని ఇతర ఫిర్యాదులను, అనగా బ్యాంకు తప్పుడు మాటలు చెప్పి అమ్మినందుకు, సమాచారం సకాలంలో అందక చికిత్సలో నష్టం జరిగినందుకు చేసే ఫిర్యాదులను, విచారించవచ్చునని తేల్చింది. జీవితం నష్టం కాదు, మోసం మాత్రం మోసమే అన్నది ఆ తీర్పు సారాంశం.

న్యూయార్క్ రాష్ట్రంలో 2022లో ఒక బిల్లు ప్రతిపాదించబడింది. దాత వీర్యంతో పుట్టి, తీవ్రమైన మానసిక వ్యాధికి గురై, యౌవనంలోనే మరణించిన ఒక యువకుని తల్లిదండ్రుల ఆవేదన దాని వెనుక ఉన్నది. దాత చెప్పిన వైద్య, విద్య, నేర చరిత్రలను బ్యాంకు రికార్డులతో సరిచూడాలన్నది ఆ బిల్లు ఆశయం.

ఈ విషయంలో బ్రిటన్ మరొక మార్గం అనుసరించింది. తనకు గాని తన కుటుంబానికి గాని వంశపారంపర్య వ్యాధి ఉన్నదని తెలిసీ దాత దానిని దాచిపెట్టి, అందువలన బిడ్డ వైకల్యంతో పుడితే, ఆ బిడ్డ దాతపై దావా వేయడానికి అక్కడి చట్టంలో అవకాశం ఉన్నది. అట్టి దావా కోసం దాత ఎవరన్నది వెల్లడించవలసిందిగా న్యాయస్థానం ఆదేశించవచ్చు. నిజం చెప్పిన దాతకు ఈ నియమం వలన భయం లేదు. దాచినవానికే భయం.

రెండవ చిక్కు: ఆరోగ్య చరిత్ర ఒక్క రోజుతో ముగియదు

దాతలు సాధారణంగా యువకులు. 22 ఏళ్ల విద్యార్థి తాను పూర్తిగా ఆరోగ్యవంతుడనని రాస్తే అది అబద్ధం కానక్కరలేదు. కాని హంటింగ్టన్ వ్యాధి వంటివి సాధారణంగా 30 నుండి 50 ఏళ్ల మధ్యనే బయటపడతాయి. ఆ వ్యాధిని కలిగించే జన్యువు ఉన్నవారి ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం నూటికి 50 వంతులు. కొన్ని రకాల పేగు క్యాన్సర్లు, రొమ్ము క్యాన్సర్లు, గుండె కండరాల జబ్బులు కూడా నడివయసులోనే తెలుస్తాయి. దానం చేసిన నాటి ఫారం ఆ నాటికి నిజం. ఇరవై ఏళ్ల తరువాత అదే కాగితం, ఎవరూ అబద్ధం చెప్పకపోయినా, అబద్ధమై కూర్చుంటుంది.

ఈ సంగతిని సూటిగా పట్టించుకున్న చట్టం అమెరికాలోని కొలరాడో రాష్ట్రానిది. 2022 మే 31న గవర్నరు సంతకం చేసిన ఆ చట్టం 2025 జనవరి 1 తరువాత సేకరించే బీజకణాలను ఉద్దేశించింది. ఆమోదం పొందిన రూపంలో దాని ముఖ్యాంశాలు ఇవి. దాతకు కనీసం 21 ఏళ్లు నిండాలి. బ్యాంకులు ప్రభుత్వ లైసెన్సు పొందాలి. దాత ఆరోగ్య చరిత్రను మూడేళ్లకొకసారి మళ్లీ అడిగి తెలుసుకునే ప్రయత్నం చేయాలి. ఒక దాత బీజకణాలు 25 కుటుంబాలకు మించి ఇవ్వరాదు. బిడ్డకు 18 ఏళ్లు నిండిన తరువాత కోరితే దాత ఎవరన్నది చెప్పాలి. దాత వివరాలను శాశ్వతంగా మరుగుపరచే విధానానికి స్వస్తి చెప్పిన తొలి అమెరికా రాష్ట్రం ఇదే.

ఇందులో గమనించదగినది మూడేళ్లకొకసారి అడగడమన్న అంశం. ఆరోగ్య చరిత్ర అనేది ఒకసారి చెప్పి ముగించే వాంగ్మూలం కాదనీ, మనిషితో పాటు పెరిగే లెక్కల పుస్తకమనీ శాసనకర్తలు గుర్తించారు.

మూడవ చిక్కు: కబురు చేరే దారి

దాత నిజమే చెప్పాడు, తరువాతి మార్పునూ తెలియజేశాడు అనుకుందాం. ఆ కబురు అతని బీజంతో పుట్టిన పిల్లలందరికీ చేరే దారి లేకపోతే ప్రయోజనమేమిటి? ఈ మూడవ చిక్కు ఎంత పెద్దదో యూరపులో ఇటీవల బయటపడిన ఒక ఉదంతం చూపుతుంది.

డెన్మార్క్‌లోని ఒక వీర్య బ్యాంకుకు 2005లో ఒక యువకుడు దానం మొదలుపెట్టాడు. అతడు ఆరోగ్యవంతుడు, ఏదీ దాచలేదు. కాని అతని వీర్యకణాలలో కొన్నింటిలో, క్యాన్సరును అడ్డుకోవలసిన టి.పి. 53 అనే జన్యువు దెబ్బతిని ఉన్నది. అతని శరీరంలోని మిగిలిన కణాలలో అత్యధిక భాగంలో ఆ లోపం లేదు. అందుచేత మామూలు పరీక్షలలో అది దొరకలేదు. ఆ జన్యులోపం సంక్రమించిన పిల్లలకు చిన్ననాటి నుండే వివిధ రకాల క్యాన్సర్లు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. ఆ దాత వీర్యంతో పుట్టిన 67 మంది పిల్లల వివరాలను 2025 మేలో యూరపు జన్యుశాస్త్ర సమావేశంలో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త వెల్లడించారు. వారిలో 10 మందికి అప్పటికే క్యాన్సరు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో యూరపు ప్రసార సంస్థలు కలిసి జరిపిన పరిశోధనలో ఆ సంఖ్య కనీసం 197 అని తేలింది. ఆ వీర్యం 14 దేశాలలోని చికిత్సాలయాలకు చేరింది.

ఈ ఉదంతంలో దాత తప్పు లేదు. తెలిసిన తరువాత కబురు పంపడానికి దేశాలను కలిపే పుస్తకం ఒకటి లేకపోవడమే లోపం. ప్రతి దేశానికీ దాని స్వంత పరిమితి ఉన్నది. బ్రిటన్‌లో ఒక దాతకు 10 కుటుంబాలు, డెన్మార్క్‌లో 12. కాని ఒకే దాత వీర్యం సరిహద్దులు దాటి పోయినప్పుడు ఈ లెక్కలన్నీ కలిపి చూసేవారు లేరు. ఇట్టి పిల్లలను తరచుగా పరీక్షిస్తూ ఉంటే గడ్డలను తొలిదశలోనే పట్టుకొని ప్రాణం కాపాడే అవకాశం ఉన్నది. అందుచేత వారి విషయంలో సమాచారమే సగం మందు. అది ఒక ఏడాది ఆలస్యమైతే ఒక బిడ్డకు ఆ ఏడాదే చివరిది కావచ్చు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జరిగిన సంఘటన మరొక కోణం చూపుతుంది. దాత వీర్యంతో పుట్టిన ఒక యువతికి 2011లో ముదిరిన పేగు క్యాన్సరు బయటపడింది. అది వంశపారంపర్యమై ఉండవచ్చునన్న అనుమానం కలిగింది. అదే దాతకు పుట్టిన మరో ఎనిమిది మంది ఉన్నారని ఆమెకు తెలుసు. వారెవరో, ఎక్కడున్నారో తెలియదు. తన కోసమే కాక, వారిని హెచ్చరించడం కోసం ఆమె దాత వివరాలు కోరింది. పాత రహస్య ఒప్పందం అడ్డు నిలిచింది. చివరకు ప్రభుత్వ పెద్దల జోక్యంతో 2013లో ఆమె ఆ వ్యక్తిని కలుసుకోగలిగింది. కొద్ది వారాలకే, 30 ఏళ్ల వయసులో, మరణించింది. 2016లో ఆమోదించబడి 2017 మార్చి 1 నుండి అమలైన సవరణ చట్టం, దానం ఏ సంవత్సరంలో జరిగినదైనా సరే, పుట్టిన ప్రతి వ్యక్తికీ దాత వివరాలు తెలుసుకునే హక్కు ఇచ్చింది. ఆ చట్టాన్ని అక్కడి ప్రజలు ఆమె పేరుతోనే పిలుస్తారు.

రహస్యమా, ఆరోగ్యమా?

దాత పేరు చెప్పవలసి వస్తే దానం చేయడానికి ఎవరూ ముందుకు రారనీ, దాతకూ ఒక కుటుంబం, ఒక గౌరవం ఉంటాయనీ ఈ చట్టాలను వ్యతిరేకించేవారు వాదిస్తారు. ఈ వాదాన్ని తోసిపుచ్చడానికి వీలులేదు. అయితే ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. దాత ఎవరన్నది ఒకటి. దాతకు ఏ జబ్బు ఉన్నదన్నది మరొకటి. మొదటిదానిని చెప్పకుండానే రెండవదానిని చెప్పవచ్చు. దాతకు ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య గల దాత తండ్రికి ఫలానా జబ్బు బయటపడిందని బ్యాంకు తెలియజేస్తే దాత గౌరవానికి భంగం లేదు, బిడ్డ ప్రాణానికి రక్షణ ఉన్నది.

పేరు విషయంలో సైతం అనేక దేశాలు మారాయి. బిడ్డకు దాతను తెలుసుకునే హక్కు ఇచ్చిన తొలి దేశం స్వీడన్. 1984లో చేసిన చట్టం 1985 మార్చి 1 నుండి అమలైంది. బ్రిటన్ 1991 నుండి దానాలన్నింటినీ ఒకే ప్రభుత్వ పుస్తకంలో నమోదు చేస్తున్నది. 2005 ఏప్రిల్ 1 తరువాత నమోదైన దాతల వివరాలను 18 ఏళ్లు నిండిన సంతానానికి ఇస్తున్నది. ఆ నియమం కింద తొలి యువతీ యువకులు 2023 చివరిలో ఆ వయసుకు చేరారు. ఇక ఇంటివద్దనే ఉమ్మి నమూనా తీసి పంపి చేయించుకునే జన్యుపరీక్షలు వచ్చిన తరువాత, ఏ బ్యాంకూ ఏ దాతకూ శాశ్వత రహస్యం వాగ్దానం చేయగల స్థితిలో లేదు. దాత తన నమూనా ఇవ్వనక్కరలేదు. అతని మేనకోడలు ఇస్తే చాలు.

షరీఅత్ దృష్టిలో దాచడం, చెప్పడం

ఈ చర్చకు ఉపకరించే మార్గదర్శకత్వం ఇస్లామీయ గ్రంథాలలో లేకపోలేదు. దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపురాశి ప్రక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా ఉన్నది. వాన తగిలిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసం చేసేవానిని తమవాడు కాదన్నారు. ఇది సహీహ్ ముస్లింలో ఉన్న ఉల్లేఖనం. వర్తకుడు నోటితో అబద్ధం చెప్పలేదు. ఊరకున్నాడు, అంతే. తెలిసిన లోపాన్ని చెప్పకుండా ఊరకుండడమే మోసమన్నది ఇందులోని పాఠం. మనుష్య బీజం అంగడి సరకు కాదు. దానిని అమ్మడం షరీఅత్ ఒప్పే పని కాదు. కాని తడిసిన గింజ విషయంలోనే మౌనం ఇంత తప్పయితే, ఒక బిడ్డ జీవితకాల ఆరోగ్యం విషయంలో మౌనం ఎంత తప్పో ఆలోచించవచ్చు.

ఇతరుల లోపాలు చెప్పడం పరోక్షనింద (గీబత్) కాదా అన్న సందేహం కొందరికి రావచ్చు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు పెళ్లి సంబంధాలను గూర్చి ప్రవక్త (స) సలహా కోరినప్పుడు, ఒకరి పేదరికాన్నీ మరొకరి కఠిన స్వభావాన్నీ ఆయన దాచకుండా తెలియజేశారు. దీనిని ఆధారం చేసుకొని, వివాహం వంటి విషయాలలో ఒకరిని హాని నుండి కాపాడడానికి ఉన్న లోపం చెప్పడం గీబత్ కాదని ఇమామ్ నవవీ వంటి పండితులు వివరించారు. అయితే అవసరమున్నంతే చెప్పాలి, అవసరమున్నవారికే చెప్పాలి. దాత జబ్బును బిడ్డకూ వైద్యునికీ చెప్పి, పేరును ఊరంతా చాటకుండా ఉండే చట్టం ఈ హద్దుకు దగ్గరగా ఉంటుంది.

మూడవ విషయం వంశం. పెంపుడు బిడ్డలను వారి అసలు తండ్రుల పేరుతోనే పిలవాలని అహ్‌జాబ్ సూరా 5వ ఆయత్ బోధించింది. ప్రేమతో పెంచడం వేరు, పుట్టుకను మరుగుపరచడం వేరు అన్నది ఇందులోని భావం. పైగా ఎవరిని వివాహమాడరాదో నిసా సూరా 23వ ఆయత్ వివరించింది. ఒకే దాతకు పుట్టిన ఇద్దరు, తాము అన్నాచెల్లెళ్లమని తెలియకుండానే పెళ్లిపీటల మీదికి రావచ్చునన్న భయం ఊహామాత్రం కాదు. బ్రిటన్ చట్టం కూడా ఈ ప్రమాదాన్ని గుర్తించింది. దాత బీజంతో పుట్టినవారు 16 ఏళ్లు నిండిన తరువాత, తాము వివాహమాడదలచిన వ్యక్తి తమకు రక్తసంబంధి అవునో కాదో ప్రభుత్వ పుస్తకం ద్వారా తెలుసుకోవచ్చు.

మన దేశంలో

భారతదేశంలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో సంతాన సాఫల్య కేంద్రాలు వెలసి చాలా కాలమైంది. అయినా 2021 వరకు వాటికి ప్రత్యేక చట్టం లేదు. 2005లో భారత వైద్య పరిశోధనా మండలి మార్గదర్శక సూత్రాలు మాత్రమే ఉండేవి. దాతకు అంటువ్యాధులతో పాటు తలసేమియా వంటి సాధారణ వంశవ్యాధులు లేవని చూడాలనీ, బిడ్డ ఆరోగ్యానికి అవసరమైన జన్యు సమాచారం పొందే హక్కు బిడ్డకూ పెంచినవారికీ ఉన్నదనీ అవి పేర్కొన్నాయి. కాని మార్గదర్శక సూత్రాలకు చట్టబలం లేదు.

సహాయక పునరుత్పత్తి సాంకేతిక విధానాల నియంత్రణ చట్టం 2021 డిసెంబరులో రాష్ట్రపతి ఆమోదం పొంది, 2022 జనవరి 25 నుండి అమలులోకి వచ్చింది. వీర్యదాత వయసు 21 నుండి 55, అండదాత వయసు 23 నుండి 35 ఏళ్ల మధ్య ఉండాలి. ఒక దాత బీజకణాలు ఒక్క దంపతులకే ఇవ్వాలి. అండదాత జీవితంలో ఒక్కసారే దానం చేయాలి. ఈ పరిమితులు అనేక దేశాల పరిమితులకంటె కఠినమైనవి. యూరపులో వలె ఒకే దాతకు వందలాది పిల్లలు పుట్టే ప్రమాదం వీటివలన తగ్గుతుంది. బ్యాంకులు దాత పేరు, ఆధార్ సంఖ్య, చిరునామా తీసుకోవాలి. కనీసం 10 ఏళ్లు రికార్డులు భద్రపరచి, ఆ తరువాత జాతీయ రిజిస్ట్రీకి అప్పగించాలి. అనగా పుస్తకం ఉన్నది.

లోటు మరొకచోట ఉన్నది. దాతకు ఏయే వ్యాధుల పరీక్షలు జరపాలన్నది చట్టం నియమావళికి వదిలింది. 2022 నియమావళి పేర్కొన్నవి ఎయిడ్స్ వైరస్‌లు, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సవాయి. ఇవన్నీ అంటువ్యాధులే. దాత సమాచారం రహస్యంగా ఉంచాలన్న నియమానికి చట్టం ఇచ్చిన మినహాయింపులు కొన్నే: జాతీయ రిజిస్ట్రీకి పంపడం, వైద్యపరమైన అత్యవసర పరిస్థితిలో దంపతులు కోరడం, న్యాయస్థానం ఆదేశించడం. పెరిగి పెద్దయిన బిడ్డ తనంతట తాను అడగడానికి ప్రత్యేకమైన హక్కు అందులో కనిపించదు. తన పుట్టుకను గూర్చి తల్లిదండ్రులు చెప్పని బిడ్డకు, లేదా తల్లిదండ్రులు గతించిన బిడ్డకు, ఆ తలుపు ఎవరు తీస్తారు? దానం చేసి పదేళ్లయిన దాతకు ఒక వంశవ్యాధి బయటపడితే అతడు ఎవరికి తెలియజేయాలి? తలసేమియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులు ఉన్న దేశంలో ఇవి తేలికగా తీసుకోదగిన ప్రశ్నలు కావు.

ముస్లిముల బాధ్యత

ఈ విషయంతో తమకేమి పని అని ముస్లిం పాఠకుడు అనుకోవడానికి వీలులేదు. సంతాన సాఫల్య కేంద్రాలలో పనిచేసే వైద్యులలో, నర్సులలో, ప్రయోగశాల సిబ్బందిలో ముస్లిములున్నారు. సంతానం కోసం తపించి ఆ మెట్లెక్కే దంపతులలో ముస్లిములున్నారు. అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు రేపు అక్కడి చట్టాల నీడలోనే సంబంధాలు చూసుకోవలసి ఉంటుంది.

దంపతులు చికిత్సకు వెళ్లినప్పుడు వాడే బీజకణాలు తమవేనా అన్నది లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. వైద్యుడు మూడవ వ్యక్తి బీజాన్ని సూచిస్తే, ఉలమాను సంప్రదించకుండా ముందడుగు వేయరాదు. వైద్యులైనవారు రోగికి నిజం దాచకుండా చెప్పాలి. చట్టంలోని లోటును గూర్చి, అనగా వంశవ్యాధుల పరీక్ష, దాత చరిత్ర మళ్లీ మళ్లీ సేకరించడం, పెద్దయిన బిడ్డకు ఆరోగ్య సమాచారం అడిగే హక్కు అన్న మూడింటిని గూర్చి, ప్రభుత్వానికి విన్నవించడంలో ముస్లిం వైద్యులూ న్యాయవాదులూ వెనుకబడరాదు. దానం నిషిద్ధమని నమ్మేవారు ఇట్టి విన్నపం చేసినంత మాత్రాన దానిని సమ్మతించినట్లు కాదు. దారిలో గొయ్యి తవ్వడం తప్పని చెప్పినవాడే, అందులో పడినవానికి చేయి కూడా అందించాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఇట్లా పుట్టిన వారి పట్ల సంఘం చూపు. వారి పుట్టుకను గూర్చి గుసగుసలు వినిపించేచోట తల్లిదండ్రులు నిజాన్ని మరింత లోతుగా పాతిపెడతారు. అప్పుడు ఏ చట్టమూ ఆ బిడ్డకు మేలు చేయలేదు. నిజం చెప్పినా నింద పడదన్న ధైర్యం సంఘం ఇవ్వగలిగితే, తనకు రాబోయే జబ్బును గూర్చి ఆ బిడ్డ సకాలంలో తెలుసుకుంటాడు. వైద్యుని వద్దకు సకాలంలో వెళతాడు.